రెండు పట్టాలకి ఒక ఈత

మా చెల్లెలి కొడుకు కార్విన్‌కి ఈత రాదన్న సంగతి, వాడికి ఇరవై మూడేళ్ళు నిండేదాకా మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు. నవ్వకండి. వాడు పుట్టింది మిన్నెసోటాలో, అదీ సరస్సు ఒడ్డున. వాళ్ళ నాన్న లైల్‌కి తిండి పెట్టేది ఆ సరస్సే. వేసవిలో పట్నాలనుంచి వచ్చేవాళ్ళకి ఒడ్డున చెక్క ఇళ్ళు అద్దెకిస్తాడు, పడవలిస్తాడు, గాలానికి గుచ్చుకునే వానపాముల్ని డబ్బాల్లో పెట్టి అమ్ముతాడు. అలాంటి ఇంట్లో పిల్లాడికి ఈత నేర్పాలని ఎవరికి తడుతుంది? చేపపిల్లకి ఈత నేర్పుతారా ఎవరైనా? మా చెల్లెలు నోరీన్, లైల్ నేర్పాడనుకుంది. లైల్, నోరీన్ నేర్పిందనుకున్నాడు. సెలవులకి వెళ్ళే నేను, వాళ్ళిద్దరూ కలిసి నేర్పారనుకున్నాను.

వాడు దాచాడా అంటే దాచలేదు. ఎవరూ అడగలేదు, వాడు చెప్పలేదు, అంతే. మిగతా పిల్లలు రేవు చెక్కల మీంచి దబ్బున నీళ్ళలోకి దూకుతుంటే వీడు పడవ ఇంజను దగ్గర కూర్చునేవాడు. లేకపోతే పొయ్యి ముందు నిలబడి సాసేజీలు తిప్పేవాడు. "చూడండి, ఎంత పనిమంతుడో, ఒక్క క్షణం ఊరికే ఉండడు" అని మేమే మెచ్చుకుని ఇంకో పళ్ళెం వాడి చేతిలో పెట్టేవాళ్ళం.

నా పేరు ఆర్డిత్. వాళ్ళ సరస్సుకి దక్షిణంగా, కాలేజీ ఉన్న ఒక చిన్న ఊళ్ళో బేకరీ నడుపుతాను. మా ఊరి కాలేజీది లిబరల్ ఆర్ట్స్ చదువు. అంటే ఫిజిక్స్ చదివేవాడు కూడా కుండలు చెయ్యాలి, తత్వశాస్త్రం చదవాలి, బృందగానంలో గొంతు కలపాలి. అన్నీ ఉంటాయి గానీ ఇంజనీరింగ్ మాత్రం ఉండదు. అందుకని ఒక ఏర్పాటు పెట్టుకున్నారు. మూడేళ్ళు ఇక్కడ చదివి, ఆ తర్వాత రెండేళ్ళు నాలుగు రాష్ట్రాల అవతలున్న పెద్ద ఇంజనీరింగ్ యూనివర్సిటీలో చదివితే, చివర్న రెండు డిగ్రీలు చేతికొస్తాయి. ఇక్కడిదొకటి, అక్కడిదొకటి.

"తిన్నగా ఇంజనీరింగులోనే చేరొచ్చు కదా, ఒక ఏడాది కలిసొస్తుంది" అని లైల్ గొణిగాడు. కార్విన్ వినలేదు. వాడికి పాటా కావాలి, వంతెనా కావాలి. వాళ్ళ ఫిజిక్స్ ప్రొఫెసరుగారు మొదటి రోజే అన్నారట: "వంతెన ఎలా నిలబడుతుందో అక్కడ చెప్తారు. ఎవరి కోసం కడుతున్నావో ఇక్కడ తెలుసుకో." ఆ ముక్క నాకు పూర్తిగా ఎక్కలేదు. వాడికి మాత్రం బాగా ఎక్కింది. మూడేళ్ళూ నా బేకరీ మీది గదిలోనే ఉన్నాడు. పొద్దున్నే కిందికొచ్చి, రొట్టెల పిండి ఎందుకు పొంగుతుందో నాకు పాఠం చెప్పేవాడు. నలభై ఏళ్ళుగా పొంగిస్తున్నది నేనని మర్చిపోయి.

మొత్తానికి ఆ ఐదేళ్ళూ అయిపోయాయి. డులూత్‌లో వంతెనలు కట్టే కంపెనీ ఒకటి వాణ్ణి తీసుకుంది. జూన్ మొదటి సోమవారం చేరాలి, రెండు పట్టాలూ చూపించాలి. అక్కడి యూనివర్సిటీలో వేడుక ముందే అయిపోయింది. వేదికెక్కి చెయ్యి కలిపి బంగారు అక్షరాల అట్ట ఒకటి తెచ్చుకున్నాడు. లోపల కాగితం లేదు. ఇక్కడి కాలేజీ తన డిగ్రీ ఇచ్చినట్టు కబురు పంపితేనే వాళ్ళు తమది ఇస్తారు. అది ఒప్పందం. ఇక్కడి వేడుక ఆదివారం. చర్చి కింద హాల్లో విందు, నోరీన్ పిలిచిన బంధువులంతా, పైన రెండు పట్టాల టోపీలు పెట్టి నేను చెయ్యబోయే కేకు, అన్నీ అనుకుని ఉంచాం.

సోమవారం పొద్దున వాడికి కాలేజీ ఆఫీసునుంచి ఫోనొచ్చింది. కాసేపటికి మెట్లు దిగి వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమైందిరా?" అన్నాను.

"ఏం లేదు పెద్దమ్మా."

మా వైపు "ఏం లేదు" అంటే ఇల్లు తగలబడుతోందని. "ఏమైందిరా?" అన్నాను మళ్ళీ.

"ఫర్వాలేదు. నువ్వు పని చూసుకో."

"ఒరేయ్, మూడోసారి అడుగుతున్నాను."

అప్పుడు చెప్పాడు. "ఈత పరీక్ష మిగిలిపోయిందట. శనివారం మధ్యాహ్నం లోపల అవ్వాలట. లేకపోతే మళ్ళీ డిసెంబర్‌లోనేనట."

నాకు నవ్వొచ్చింది. "దానికింత మొహమా! పూల్ రోడ్డుకి అవతలే కదరా. వెళ్ళి అటూ ఇటూ ఓసారి ఈదేసి రా. నువ్వొచ్చేలోపు ఈ రొట్టెలు దించేస్తాను."

వాడు బల్ల మీది పిండిని వేలితో గీకాడు. "పెద్దమ్మా, నాకు ఈత రాదు."

ఇంకా గట్టిగా నవ్వాను. తర్వాత వాడి మొహం చూశాను. చేతిలో ట్రే అలాగే ఉండిపోయింది.

ఏనుగు దూరింది, తోక చిక్కిందంటే ఇదే కదా! ఐదేళ్ళ చదువు, రెండు కాలేజీలు, అర్థంకాని లెక్కలన్నీ గట్టెక్కినవాడు చివరికి ఈత దగ్గర ఆగిపోయాడు. ఈ ఈత నియమం మా కాలేజీలో ఎప్పటినుంచో ఉంది. ఎవరో డబ్బున్న తల్లి, కొడుకు నీళ్ళలో పోతే పెట్టించిందంటారు. అదంతా కట్టుకథంటారు ఇంకొందరు. ఏదైతేనేం, ఈదందే పట్టా లేదు. నాలుగో ఏడు చివరి వారంలో పిల్లలంతా పిచ్చిపిచ్చి బట్టలేసుకుని, బ్యాండు మేళం పెట్టించుకుని, గుంపుగా వెళ్ళి దూకుతారు. అది ఇక్కడి పండగ. కానీ రెండు డిగ్రీల పిల్లలు మూడో ఏడు కాగానే వెళ్ళిపోతారాయె. ఆ పండగ నాటికి కార్విన్ నాలుగు రాష్ట్రాల అవతల ఉన్నాడు.

"అంటే మాకు ఈ నియమం లేదేమో అనుకున్నాను" అన్నాడు.

"ఎవర్నైనా అడిగావట్రా?"

"అడిగితే వాళ్ళకి గుర్తు చేసినట్టవుతుంది కదా అని..."

"భేష్! నీ తెలివి తెల్లారినట్టే ఉంది. నీళ్ళంటే అంత భయమున్నవాడివి ఈ వంతెనల గొడవ ఎందుకురా నీకు?"

"అందుకేగా పెద్దమ్మా" అన్నాడు, పాపం నిజాయితీగా. "నీళ్ళలో దిగకుండా అవతలికి వెళ్ళే దారి అదొక్కటే."

ఇక తిట్టబుద్ధి కాలేదు.

ఆఫీసుకి వెళ్ళొచ్చాడు. జబ్బుంటే డాక్టరు చీటీ తెమ్మన్నారు. భయం జబ్బు కాదట. ప్రొఫెసరుగారు వెళ్ళి బతిమాలారు, కుదరదన్నారు. అక్కడి యూనివర్సిటీకి ఫోన్ చేస్తే, ముందు మీ మొదటి కాలేజీ సరేననాలి అన్నారు. డులూత్ వాళ్ళకి ఫోన్ చెయ్యడానికి వాడికి ధైర్యం చాల్లేదు. ఆ ఉద్యోగానికి వీడి వెనకాల ఇంకెవరో నిలబడి ఉన్నారని వాడికి తెలుసు.

"రేపు పొద్దున నాతో రా" అన్నాను.

నేను రోజూ పొద్దున్నే కాలేజీ ఈతకొలనుకి వెళ్తాను. ఊళ్ళో ముసలమ్మలం ఒక జట్టు ఉన్నాం. నడుం లోతు నీళ్ళలో నిలబడి చేతులూ కాళ్ళూ ఆడిస్తూ, ఊరి కబుర్లన్నీ నమిలి మింగుతాం. అరవై దాటిన నేను అందులో చిన్నపిల్లని. పెద్దావిడ లవోన్‌కి ఎనభై పైనే. ఎర్ర టోపీ పెట్టుకుని నీళ్ళలో రాణిలా తిరుగుతుంది. మాకు వ్యాయామం చేయించేదీ, పిల్లలకి ఈత పరీక్ష పెట్టేదీ ఒక్కరే. పేరు పలూంబో. న్యూజెర్సీ నుంచి వచ్చింది.

ఆవిడ సంగతి కొంచెం చెప్పాలి. మా వైపు ఎవరైనా ఏదైనా ఇస్తామంటే మొదటిసారి వద్దనాలి. రెండోసారి "అబ్బే, మీకెందుకు శ్రమ" అనాలి. మూడోసారి అడిగితే అప్పుడు "సరే, మీరింతగా అంటున్నారు కాబట్టి" అని తీసుకోవాలి. మొదటిసారే చెయ్యి చాపితే ఆబగా ఉందంటారు. ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు, పాలతోపాటే వస్తుంది. పలూంబో వచ్చిన కొత్తలో నా కొట్టుకొస్తే, "ఇంకో బన్ను వెయ్యనా?" అన్నాను మర్యాదకి. "వెయ్యండి" అంది టక్కున. కొట్టంతా నిశ్శబ్దమైపోయింది. ఇంకోసారి మంచు కురుస్తుంటే లవోన్ పక్కన కారాపి, "ఎక్కుతారా?" అంది. "వద్దులే తల్లీ, నడుస్తాను" అంది లవోన్. అంతే, కారు వెళ్ళిపోయింది. ముసలిది తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచుకుని, ఇంటిదాకా మంచులో నడిచింది. ఆ కోపం చాలా రోజులు పోలేదు.

మంగళవారం కార్విన్‌ని రెక్క పట్టుకుని తీసుకెళ్ళి పలూంబో ముందు నిలబెట్టాను. సంగతంతా చెప్పాను. ఆవిడ వాడి వంక ఎగాదిగా చూసింది.

"నిన్ను నేనెరుగుదును. మొదటి ఏడు అందరినీ ఇక్కడ నిలబెట్టి, ఈత రానివాళ్ళెవరని అడిగితే నువ్వు చెయ్యెత్తలేదు. కానీ నీళ్ళు చిందినప్పుడల్లా అడుగు వెనక్కేశావు. పక్కకి పిలిచి, నేర్పనా అని అడిగాను. గుర్తుందా?"

"ఉందండీ."

"ఏమన్నావు?"

"వద్దులెండి, ఫర్వాలేదు అన్నాను."

"మరి?"

కార్విన్ కాళ్ళ వంక చూసుకున్నాడు. "మీరు మళ్ళీ అడుగుతారనుకున్నాను."

"మళ్ళీనా?" పలూంబోకి అర్థం కాలేదు. "వద్దన్నావు కదా, మళ్ళీ ఎందుకడుగుతాను?"

నీళ్ళలోంచి లవోన్ అందుకుంది. "అయ్యో రాత! మూడుసార్లు అడగాలమ్మా. మూడుసార్లు!"

"ఈ సంగతి నాకెవరు చెప్పారు?"

"నువ్వడగలేదుగా!" అంది లవోన్.

పలూంబో మా అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసింది. మేం ఎక్కడున్నవాళ్ళం అక్కడే చేతులాడించడం ఆపేశాం. "అంటే ఆ రోజు మంచులో మీరు..." అంది లవోన్‌తో.

"ఎక్కుదామనే అనుకున్నాను."

"దేవుడా!" పలూంబో నెత్తి కొట్టుకుంది. "ఏం మనుషులండీ మీరు! ఒక్క ముక్క నోరు తెరిచి చెప్పలేక... సరే అబ్బాయ్, ఇప్పుడడుగుతున్నాను. ఉన్నది నాలుగు పొద్దులు. నేర్పనా?"

కార్విన్ నోరు తెరిచాడు. "మీకు శ్రమండీ. అసలే పట్టాల వారం, ఎన్ని పనులుంటాయో. వద్దులె..."

వాడి కాలు గట్టిగా తొక్కాను.

"మొహమాటానికి పోతే కడుపైందట!" అని అరిచింది లవోన్, చర్చిలో పాటలు పాడే మనిషి. "అడగందే అమ్మయినా పెట్టదంటారు, నీకేమో ఎదురొచ్చి పెడుతున్నా తినబుద్ధి కావట్లేదు. దిగు నీళ్ళలోకి!"

"నేర్పండి" అన్నాడు కార్విన్, చెవులు ఎర్రగా చేసుకుని.

ఆ రోజంతా గోడ పట్టుకుని మొహం నీళ్ళలో ముంచడంతోనే సరిపోయింది. ఆరడుగుల మనిషి, చలికి కాదు, భయానికి వణికాడు. చూడలేకపోయాను. మధ్యమధ్యలో ఊపిరి తీసుకుంటూ, మనిషి శరీరం నీళ్ళకంటే ఎందుకు తేలికో, ఊపిరితిత్తుల నిండా గాలుంటే ఎంత బరువు తగ్గుతుందో మాకు చక్కగా వివరించాడు. "నీ లెక్క రైటే నాయనా, ముందు ఆ చెయ్యి వదులు" అంది లవోన్. వాడు చెయ్యి వదల్లేదు.

బుధవారం పలూంబో పద్ధతి మార్చింది. మొహం ముంచే ఈత వీడికి ఈ జన్మలో రాదనీ, వెల్లకిలా తేలి కాళ్ళాడిస్తే చాలనీ తేల్చింది. ఎలా ఈదినా ఫర్వాలేదు, అటునుంచి ఇటు రావాలి, అంతే నియమం. "తల ఎవరైనా పట్టుకోండి" అంది. నేను పట్టుకున్నాను.

"పెద్దమ్మా, చెయ్యి తియ్యకు."

"తియ్యనురా."

"ఒట్టు?"

"ఒట్టు. ఒళ్ళు వదులు ముందు. కట్టెలా బిగుసుకున్నావు."

బాప్తిస్మం నాడు వీడి తల నీళ్ళ పైన ఇలా పట్టుకున్నది నేనే. పాస్టరుగారు మూడు చుక్కలు నెత్తిన వేస్తే చర్చి కప్పు లేచిపోయేట్టు ఏడ్చాడు. ఆ మాట చెప్తే నవ్వాడు. నవ్వితే ఒళ్ళు వదులైంది. వదులైతే తేలాడు. నేను నా చెయ్యి మెల్లగా, వేలు తర్వాత వేలు, తీసేశాను. ఒట్టు తప్పాను, దేవుడు క్షమిస్తాడు. వాడు కప్పు వంక చూస్తూ అలాగే తేలుతున్నాడు. ముసలమ్మలందరూ నోటికి చేతులడ్డం పెట్టుకున్నారు, చప్పుడైతే మునుగుతాడేమోనని.

"తీసేశావా?" అన్నాడు.

"ఎప్పుడో."

అంతే, బుడుంగున మునిగాడు. నిలబడితే నడుం లోతు. దగ్గుతూ, ఉమ్ముతూ, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు.

గురువారం కాళ్ళాడించి సగం దూరం వెళ్ళాడు. బేకరీకి తిరిగొస్తూ ఈల వేశాడు. నేను కేకుకి గుడ్లు కొట్టడం మొదలుపెట్టాను. అదే పొరపాటయింది. శుక్రవారం లోతు వైపుదాకా బాగానే వెళ్ళాడు. గోడ తాకి తిరిగాడు. కాళ్ళ కింద నేల లేదని అప్పుడు గుర్తొచ్చినట్టుంది. ఉన్నట్టుండి చేతులు కొట్టుకున్నాడు, నిలబడబోయాడు, నీళ్ళు మింగాడు. పలూంబో పొడుగాటి గడ అందించి లాగింది. ఒడ్డున తువ్వాలు కప్పుకుని కూర్చుని, పళ్ళు టకటకలాడిస్తూ అన్నాడు: "డులూత్‌కి ఫోన్ చేస్తాను. రానని చెప్పేస్తాను."

"చెప్పు. ఐదేళ్ళు చదివి, ఫీజులకి అమ్మానాన్నల చేత ఒక పడవ అమ్మించి, రేపొక్క పొద్దు మిగిలుండగా చెప్పెయ్" అన్నాను. నోరు నాది, ఆగదు. తర్వాత ఏడుపొచ్చింది. వాడికి నిజంగా ఏమన్నా అయితే? నేనే కదా రెక్క పట్టి లాక్కొచ్చింది? అందుకే మళ్ళీ అన్నాను: "వద్దనుకుంటే వద్దురా. నిజంగానే అంటున్నాను. డిసెంబర్‌లో ఇస్తారు పట్టాలు. ఇంకో ఉద్యోగం రాకపోదు."

వాడు ఫోన్ చెయ్యలేదు.

మధ్యాహ్నం నోరీన్ ఫోన్ చేసింది, విందుకి చేతిగుడ్డలు ఏ రంగువి తేవాలని. "అంతా బాగేనా?" అంది.

"బాగే."

"నిజంగా?"

"ఫర్వాలేదు."

"అక్కా?"

నాకూ అదే జబ్బని అప్పుడు తెలిసింది. మొత్తం చెప్పేశాను.  "వేళాకోళమాడకు" అంది నోరీన్. "వాడికి లైల్ నేర్పాడుగా?" వెనకనుంచి లైల్ గొంతు వినపడింది: "నేనా? నువ్వు కదటే!"

శనివారం పొద్దున మేం వెళ్ళేసరికి ఇద్దరూ ఈతకొలను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. చీకటితోనే బయల్దేరినట్టున్నారు. లైల్ చంకలో, పడవల్లో వేసుకునే నారింజరంగు లైఫ్ జాకెట్ ఉంది.

"ఇది వేసుకుంటే ఒప్పుకోరా?" అన్నాడు పలూంబోతో.

"ఒప్పుకోం."

"చిన్నది తేనా?"

"కూర్చోండి సార్" అంది పలూంబో. ఆవిడ ఆ రోజు మా వ్యాయామం టీచరు కాదు. మెళ్ళో ఈల, చేతిలో గడ, మొహంలో నవ్వు లేదు. "అవతలి గోడ తాకి తిరిగి ఇవతలికి రావాలి. మధ్యలో పక్కగోడ పట్టుకోకూడదు, కాళ్ళు నేలకి ఆనకూడదు. గడ పట్టుకుంటే ఇవాళ్టికి అయిపోయినట్టే. ప్రాణం మీదికొస్తే మాత్రం నేనెవర్నీ అడగను, దూకుతాను. తెలిసిందా?"

"తెలిసింది" అన్నాడు కార్విన్.

ముసలమ్మలం గట్టు మీద వరసగా కూర్చున్నాం. వాడు దిగాడు. వెల్లకిలా పడుకున్నాడు. కాళ్ళాడించాడు. ఎంత నెమ్మదిగా అంటే, లవోన్ నా చెవిలో "ఈ లెక్కన ఆదివారానికి చేరతాడు" అంది. నేను మోచేత్తో పొడిచాను. నోరీన్ నా వేళ్ళు విరిగేట్టు పట్టుకుంది. అవతలి గోడ తాకాడు. తిరిగాడు.

లోతు దగ్గర, సరిగ్గా నిన్నటి చోటే, కాళ్ళు ఆగాయి. మొహం మీదినుంచి నీళ్ళు పొర్లాయి. ఉక్కిరిబిక్కిరై దగ్గాడు. లైల్ లేచి నిలబడ్డాడు. కార్విన్ మునిగి, మళ్ళీ పైకొచ్చి, తల వెనక్కి వాల్చి, ఎలాగో తేలాడు. కదలడం లేదు. ఛాతీ మాత్రం కొలిమితిత్తిలా ఎగిసి పడుతోంది. పక్కగట్టు వెంట పలూంబో గడ చాపి వంగింది. గడ చివర వాడి చేతికి జానెడు దూరంలో ఉంది.

"కావాలా?" అంది.

"వద్దు."

ఇంకో మనిషైతే గడ వెనక్కి తీసేది. ఆవిడ తియ్యలేదు. ఒక్క క్షణం ఆగి, "పట్టుకుంటావా కార్విన్? తప్పు లేదు" అంది.

"వద్దండీ."

 మా వాళ్ళ సంగతి నాకు తెలుసు. మొదటి వద్దు మర్యాద. రెండో వద్దు మొహమాటం. మనసులో ఉన్నది బయటికొచ్చేది మూడోసారే. పలూంబో మోకాళ్ళ మీద కూర్చుని, మెల్లగా, ముక్కముక్కగా పలికింది: "మూడోసారి అడుగుతున్నాను. గడ కావాలా?"

వాడు కప్పు వంకే చూస్తున్నాడు. నోట్లో నీళ్ళు ఉమ్మి అన్నాడు: "వద్దు."

ఆవిడ గడ వెనక్కి తీసేసుకుంది. వాడి కాళ్ళు కదిలాయి. ముందు ఒకటి, తర్వాత రెండోది. ఆ తర్వాత నేనేం చూడలేదు, కళ్ళకి నీళ్ళడ్డం. లవోన్ నా పక్కనుంచి "వస్తున్నాడు, వస్తున్నాడు, కొంచెం వంకరగా వస్తున్నాడు, వస్తున్నాడు" అని చెప్తూనే ఉంది. తల ఇవతలి గోడకి ఠక్కున కొట్టుకున్న చప్పుడు మాత్రం నేనూ విన్నాను. అంత కమ్మని చప్పుడు నా జన్మలో వినలేదు. హమ్మయ్య! సోమవారం నుంచి ఎక్కడో చిక్కుకున్న ప్రాణం తిరిగొచ్చి నా ఒంట్లో కూర్చుంది.

పలూంబో ఈల ఊదింది. ముసలమ్మలు వేసిన కేకలకి ఆ గది గోడలు ప్రతిధ్వనించాయి. నోరీన్ బట్టలతోనే నీళ్ళలోకి దిగిపోయింది. లైల్‌కి కళ్ళు తుడుచుకోవడానికి ఏమీ దొరక్క ఆ లైఫ్ జాకెట్‌లోనే మొహం దాచుకున్నాడు. పలూంబో ఆఫీసుకి ఫోన్ చేసి, "రాసుకోండి, ఈదాడు" అంది. అవతలివాళ్ళేమన్నారో గానీ, "అవును, వాడే. ఆ వంతెనలవాడే" అని నవ్వింది.

అందరం బేకరీకి వచ్చాం. కార్విన్ తల తడి ఆరనే లేదు. వెనక బొప్పి కట్టింది. దాల్చినచెక్క రొట్టెల పళ్ళెం వాడి ముందు పెట్టి, "తింటావా?" అన్నాను.

"తింటాను. రెండు."

మొదటిసారి అడగ్గానే! లైల్ కొడుకు వంక కొత్తవాణ్ణి చూసినట్టు చూశాడు. నేను పలూంబో వైపు తిరిగి, "మీకు?" అన్నాను.

"అబ్బే, వద్దులెండి" అందావిడ, ఎటో చూస్తూ. "మీకెందుకు శ్రమ."

కొట్టంతా గొల్లుమంది. నేను మూడుసార్లూ అడగాల్సొచ్చింది.

రేపు వాడు నల్లగౌను వేసుకుని వేదికెక్కుతాడు. ఇక్కడి పట్టా చేతికొస్తుంది. సోమవారం ఆ కబురందితే అక్కడి కాగితం బయల్దేరి, బంగారు అక్షరాల ఖాళీ అట్టలోకి వచ్చి చేరుతుంది. ఆ తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఇక దేనికీ ఎవర్నీ అడగక్కర్లేదనుకుంటున్నానా, రొట్టె నములుతూ కార్విన్ గొంతు సవరించుకున్నాడు.

"మేడం, డులూత్ వెళ్ళేలోపు ఇంకో రెండు వారాలున్నాయి. బోర్లా పడుకుని, చేతులతో, సరిగ్గా ఈదడం నేర్పుతారా?"

ఎవరూ వాడికి ఏమీ ఇస్తామనలేదు. వాడంతట వాడే అడిగాడు. పలూంబో రొట్టె కింద పెట్టింది. నవ్వు బిగబట్టుకుని, తల అడ్డంగా ఊపింది.

"వద్దులే" అంది.

కార్విన్ ఒక్క క్షణం ఆగాడు. తర్వాత వాడి మొహం విచ్చుకుంది. "నేర్పుతారా?" అన్నాడు మళ్ళీ. ఆవిడ మళ్ళీ తల అడ్డంగా ఊపింది. మేమంతా చేతిలో ముక్కలు చేతిలోనే ఉంచుకుని కూర్చున్నాం.

"నేర్పండి మేడం" అన్నాడు మూడోసారి.

"సోమవారం ఆరింటికి రా" అంది పలూంబో. "ఆలస్యమైతే ఊరుకోను."